సిగ్‌టర్మ్ చేరింది, కానీ ఎవరూ నిద్ర లేవలేదు: ఒక కెర్నల్ రేస్ కేస్ స్టడీ

ఆపమంటే సర్వీసు ఆగడం లేదు. మా దగ్గరికి వచ్చిన ఫిర్యాదు ఇంతే.

సర్వీసుల్ని లేపి ఆపే సూపర్‌వైజర్ ప్రాసెస్ ముందు సర్వీసుకి సిగ్‌టర్మ్ (పద్ధతిగా ఆగమని చెప్పే సిగ్నల్) పంపుతుంది, కొంత గడువిస్తుంది, అప్పటికీ పోకపోతే సిగ్‌కిల్ (అడ్డుకోవడానికి వీల్లేకుండా చంపే సిగ్నల్) పంపుతుంది. దాదాపు ప్రతిసారీ మొదటి సిగ్నల్‌తోనే పనైపోతుంది. ఎప్పుడో ఒకసారి మాత్రం సర్వీసు ఉలకదు, పలకదు. గడువు తీరాక సిగ్‌కిల్ దాన్ని తీసేస్తుంది. అలా పోయిన ప్రతిసారీ ఫైళ్లు పద్ధతిగా మూతపడవు, మళ్లీ లేచినప్పుడు రికవరీ నడవాల్సి వస్తుంది. అప్లికేషన్ రాసినవాళ్లు తమ కోడ్ అంతా వెతికి, తప్పేమీ దొరక్క, కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ నడిబొడ్డు) వైపు వేలు చూపించారు. వాళ్ల అనుమానం నిజమే. తప్పు కెర్నల్‌లోనే ఉంది. అదీ నేను ఎన్నోసార్లు చదివి, బాగానే ఉందనుకున్న ఫైల్లో.

మేం చూసుకునేది ఒక చిన్న యూనిక్స్ తరహా కెర్నల్. నాలుగు కోర్ల 64 బిట్ ఆర్మ్ బోర్డుల మీద నడుస్తుంది. సిగ్నళ్ల భాగం రూపంలో లినక్స్‌కి దగ్గరగా ఉంటుంది కాబట్టి ఆ కోడ్ చదివినవాళ్లకి కింద చెప్పేది పరిచయంగానే ఉంటుంది.

ముందు లోపలి ఏర్పాటు. ప్రాసెస్ లోపల విడిగా నడిచే ఒక్కో థ్రెడ్‌కి సొంత పెండింగ్ సెట్ (వచ్చి ఇంకా అందని సిగ్నళ్ల జాబితా) ఒకటి, ప్రాసెస్ మొత్తానికి కలిపి షేర్డ్ పెండింగ్ సెట్ ఒకటి. ప్రస్తుతానికి ఏ సిగ్నళ్లు వద్దో చెప్పే మాస్క్ ఒక్కో థ్రెడ్‌కి ఒకటి. వీటన్నిటినీ కాపాడేది ప్రాసెస్‌కి ఒక్కటే ఉండే స్పిన్‌లాక్ (దొరికేదాకా కోర్ తిరుగుతూ కాచుకునే తాళం), దాన్ని సిగ్నల్ లాక్ అందాం. ఇవి కాక ప్రతి థ్రెడ్‌కీ ‘సిగ్నల్ ఉంది’ అనే ఫ్లాగ్ ఒకటి ఉంటుంది. కెర్నల్ నుంచి యూజర్ మోడ్‌కి తిరిగి వెళ్లే దారిలో చూసేది ఈ ఫ్లాగ్‌నే. నిద్రలోకి జారే ముందు చూసేదీ దీన్నే. పెండింగ్ సెట్లను ఆ దారుల్లో ఎవరూ తెరిచి చూడరు, చూడాలంటే ప్రతి సిస్టమ్ కాల్‌కీ (ప్రోగ్రామ్ కెర్నల్‌ని పని అడిగే పిలుపు) లాక్ పట్టాల్సి వస్తుంది. అంటే సెట్‌లో సిగ్నల్ ఉండి ఫ్లాగ్ లేకపోతే, ఆ థ్రెడ్‌కి సంబంధించినంతవరకు సిగ్నల్ రానట్టే. ఈ ఒక్క మాట గుర్తుంటే మిగతా కథంతా తేలిగ్గా అర్థమవుతుంది.

సిగ్నల్ పంపే కిల్ కాల్ ద్వారా ప్రాసెస్‌కి సిగ్నల్ వస్తే లాక్ పట్టుకుని షేర్డ్ సెట్‌లో బిట్ పెడతాం. దాన్ని బ్లాక్ చేయని థ్రెడ్ ఒకదాన్ని ఎంచుకుని దాని ఫ్లాగ్ పెడతాం. అది నిద్రలో ఉంటే లేపుతాం, వేరే కోర్ మీద నడుస్తుంటే ఐపీఐ (ఒక కోర్ ఇంకో కోర్‌కి పంపే ఇంటరప్ట్) కొట్టి కెర్నల్‌లోకి రప్పిస్తాం. ఎంపికలో మొదటి మొగ్గు మెయిన్ థ్రెడ్‌కే. అది బ్లాక్ చేసి ఉంటేనే మిగతావాటి వైపు చూస్తాం. అందరూ బ్లాక్ చేసి ఉంటే సిగ్నల్ సెట్‌లోనే ఉండిపోయి, ఎవరైనా మాస్క్ తీసినప్పుడు అందుతుంది.

ఇక సర్వీసు వైపు. అందులో మనకి కావలసినవి రెండు థ్రెడ్లు. లూప్ థ్రెడ్ ఎక్కువసేపు పోల్ కాల్‌లో (ఫైలో పైపో సిద్ధమయ్యేదాకా ఆగే కాల్) నిద్రపోతూ ఉంటుంది, సిగ్‌టర్మ్‌ని ఎప్పుడూ బ్లాక్ చేయదు. మెయిన్ థ్రెడ్ ఫైలు రాసేటప్పుడు మధ్యలో హ్యాండ్లర్ (సిగ్నల్ వస్తే నడిచే ప్రోగ్రామ్ ఫంక్షన్) దూరకుండా సిగ్‌టర్మ్‌ని బ్లాక్ చేసుకుంటుంది. రాయడం పూర్తయ్యాక అవతలి ప్రాసెస్ నుంచి రసీదు వచ్చేదాకా అలాగే ఆగి, అప్పుడు మాస్క్ తీస్తుంది. హ్యాండ్లర్ చేసే పని ఒక్కటే, పైపులో ఒక బైట్ రాయడం. ఆ బైట్ కనబడగానే లూప్ థ్రెడ్ అందరినీ ఆపుతుంది, రసీదు కోసం మెయిన్ చూస్తున్న ఎదురుచూపునీ రద్దు చేస్తుంది. హ్యాండ్లర్ ఏ థ్రెడ్ మీద నడిచినా ఫలితం మారదు. సిస్టమ్ మొత్తాన్ని ఆపేటప్పుడు అవతలి ప్రాసెస్ ముందే పోయి ఉంటుంది కాబట్టి రసీదు ఎప్పటికీ రాదు. మెయిన్‌ని బయటికి తేవాల్సింది పైపులో పడే ఆ ఒక్క బైటే.

యూనిక్స్ తరహా సిస్టమ్‌ల ప్రమాణమైన పోసిక్స్ ప్రకారం ఇది సరైన ప్రోగ్రామ్. ప్రాసెస్‌కి వచ్చిన సిగ్నల్‌ని బ్లాక్ చేయని థ్రెడ్ ఒక్కటున్నా దానికి అందాలి. లూప్ థ్రెడ్ ఖాళీగా ఉండగా సిగ్‌టర్మ్ దారిలో ఆగిపోవడానికి వీల్లేదు.

ఇరుక్కున్న ప్రాసెస్ దగ్గర

సూపర్‌వైజర్‌లో సిగ్‌కిల్ గడువు ఎత్తేసి, సర్వీసుని లేపడం, ఆపడం, మళ్లీ లేపడం అనే లూప్‌ని రాత్రంతా నడిపాం. తెల్లారేసరికి ఒకటి రెండు ప్రాసెస్‌లు ఇరుక్కుని దొరికేవి. వాటిని చంపకుండా కదిపి చూశాం.

రెండోసారి సిగ్‌టర్మ్ పంపితే ఏమీ కాలేదు. మూడోసారీ అంతే. లాగ్ స్థాయి మార్చడానికి వాడే సిగ్‌యూజర్-1ని నేరుగా లూప్ థ్రెడ్‌కి పంపగానే మాత్రం సర్వీసు పద్ధతిగా ఫైళ్లు మూసి ఆగిపోయింది. నడిచింది సిగ్‌టర్మ్ హ్యాండ్లరే! మర్నాడు దొరికిన ఇంకో ప్రాసెస్‌కి డీబగ్గర్ తగిలించబోతే, తగిలించిన క్షణంలోనే అదీ ఆగిపోయింది. లోపలేముందో చూద్దామని తలుపు తడితే లోపలున్నది మాయమవుతోంది.

వీటిలో రెండో సిగ్‌టర్మ్ సంగతి ముందు తేలింది. 1 నుంచి 31 వరకు ఉన్న మామూలు సిగ్నళ్లు క్యూలో నిలబడవు. సెట్‌లో ఆ బిట్ ఇప్పటికే ఉంటే కొత్తది అక్కడికక్కడే రాలిపోతుంది, థ్రెడ్‌ని ఎంచుకునే దశ దాకా రాదు. కాబట్టి మొదటి సిగ్‌టర్మ్ ఎక్కడా పోలేదు. షేర్డ్ సెట్‌లో అలాగే కూర్చుని, తర్వాత వచ్చే సిగ్‌టర్మ్‌లన్నిటికీ దారి మూసేస్తోంది. సిగ్‌యూజర్-1 వేరే బిట్, పైగా నేరుగా లూప్ థ్రెడ్‌కే పంపాం కాబట్టి ఆ థ్రెడ్ లేచింది. లేచాక సెట్‌లో తనకి అందేవన్నీ తీసుకుంటూ పాత సిగ్‌టర్మ్‌నీ తీసుకుంది. డీబగ్గర్ తగిలించడమంటే కూడా థ్రెడ్‌ని ఒక సిగ్నల్‌తో లేపి ఆపడమే కాబట్టి అక్కడా అదే జరిగింది.

అందుకని మూడో ప్రాసెస్‌ని సిగ్నళ్లతో ముట్టుకోలేదు. చిప్‌కి నేరుగా తగిలించే జేట్యాగ్ ప్రోబ్‌తో కోర్లు ఆపి, కెర్నల్ మెమరీని బయటినుంచి చదివాం. ఆ రోజు కాగితం మీద రాసుకున్నది ఇది:

షేర్డ్ పెండింగ్: 0000000000004000
మెయిన్: మాస్క్ 0000000000004000, ఫ్లాగ్ 0, స్థితి నిద్ర
లూప్: మాస్క్ 0000000000000000, ఫ్లాగ్ 0, స్థితి నిద్ర

సిగ్‌టర్మ్ నంబరు 15. బిట్ల లెక్క సున్నా నుంచి మొదలవుతుంది కాబట్టి సెట్‌లో అది 14వ బిట్, పదహారు ఆధారంగా రాస్తే 4000. సిగ్నల్ ఉంది, దాన్ని బ్లాక్ చేయని థ్రెడ్ ఉంది, ఆ థ్రెడ్ హాయిగా నిద్రపోతోంది.

జవాబు ఈ మూడు వరసల్లోనే ఉంది, మొదటి వారంలోనే మా చేతికి వచ్చింది. మేం చదివింది మాత్రం ‘స్థితి నిద్ర’ అన్న రెండు మాటలే.

సరైన మందు, వేరే జబ్బుకి

ఆర్మ్ బోర్డు మీద ఎవరో నిద్ర లేవలేదంటే కెర్నల్ రాసేవాళ్ల బుర్ర నేరుగా మెమరీ బ్యారియర్ల (మెమరీ రాతలు, చదవడాలు క్రమం తప్పకుండా చూసే ఇన్‌స్ట్రక్షన్లు) మీదికి పోతుంది. నాదీ అక్కడికే పోయింది.

నిద్రపోబోయే థ్రెడ్ ముందు ‘నేను నిద్రలో ఉన్నాను’ అని తన స్థితి రాస్తుంది. తర్వాత ఫ్లాగ్ చదువుతుంది. ఫ్లాగ్ లేకపోతే షెడ్యూలర్‌కి కోర్ అప్పజెబుతుంది. లేపే కోడ్ ముందు ఫ్లాగ్ రాస్తుంది, తర్వాత స్థితి చదువుతుంది, నిద్రలో ఉన్నట్టు కనిపిస్తే లేపుతుంది. రెండు వైపులా ముందు రాయడం, తర్వాత చదవడం. రాసింది ఇంకా స్టోర్ బఫర్‌లో (మెమరీకి చేరేముందు కోర్ రాతలు ఆగే చోటు) ఉండగానే తర్వాతి చదవడం జరిగిపోతే ఇద్దరూ పాత విలువలే చూస్తారు. ఒకరు ఫ్లాగ్ లేదనుకుని నిద్రపోతారు, ఇంకొకరు అవతలివాళ్లు మేలుకునే ఉన్నారనుకుని వెళ్లిపోతారు. ఈ తారుమారు ఆర్మ్‌లోనే కాదు, క్రమానికి పేరున్న ఎక్స్86లోనూ సాధ్యమే. అందుకే లినక్స్‌లో నిద్రకి ముందు స్థితి రాసే మ్యాక్రోలోనే పూర్తి బ్యారియర్ పెట్టారు. లాక్ ఉంది కదా అనే ధీమా కూడా ఇక్కడ పనికిరాదు. లాక్‌కి ముందు రాసినదాన్నీ, లాక్ లోపల చదివేదాన్నీ విడదీసి ఉంచే పూచీ మామూలు స్పిన్‌లాక్ ఇవ్వదు.

మా పోల్ దారిలో వెతికితే సరిగ్గా అలాంటి చోటు ఒకటి దొరికింది. స్థితి రాయడం, ఫ్లాగ్ చదవడం పక్కపక్కనే ఉన్నాయి, మధ్యలో బ్యారియర్ లేదు. దొంగ దొరికాడనుకున్నాం. బ్యారియర్ పెట్టాం, రివ్యూ చేశాం, రాత్రికి టెస్ట్ పెట్టి వెళ్లిపోయాం. పొద్దున వచ్చేసరికి రెండు ప్రాసెస్‌లు ఇరుక్కుని ఉన్నాయి.

ఆ బ్యారియర్ లోపం నిజమైనదే, ఆ ప్యాచ్ ఇప్పటికీ ఉంది, ఉండాలి. కానీ ఈ జబ్బు అది కాదు. పాత డంప్, అంటే కాగితం మీది ఆ మూడు వరసలు, మళ్లీ ముందేసుకుని చూస్తే ఆ సంగతి స్పష్టంగా కనబడింది. బ్యారియర్ లోపమే అయితే లూప్ థ్రెడ్ నిద్రలో ఉండాలి, దాని ఫ్లాగ్ 1గా ఉండాలి. స్టోర్ బఫర్‌లో ఆలస్యమైనా, ఫ్లాగ్‌కి రాసిన విలువ చివరికి మెమరీకి చేరి తీరుతుంది. మా డంప్‌లో ఫ్లాగ్ 0. అంటే లూప్ థ్రెడ్‌ని లేపబోయి ఎవరూ విఫలం కాలేదు. దాన్ని లేపాలని అసలు ఎవరూ అనుకోలేదు. ఈ రెండిటికీ ఎంత తేడా! మొదటిదైతే తప్పు హార్డ్‌వేర్‌కీ కోడ్‌కీ మధ్య ఎక్కడో ఉంటుంది, రెండోదైతే మన ఆలోచనలోనే ఉంటుంది.

రెండు కోర్లు, ఒక లాక్

కిల్ దారిలో సీరియల్ పోర్టుకి ఒక్క ప్రింట్ పెడితే చాలు, హ్యాంగ్ కనబడటం మానేసింది. సీరియల్ రాత నెమ్మది కాబట్టి ఇద్దరి మధ్య సమయం మారిపోతుంది. అందుకని ఒక్కో కోర్‌కి మెమరీలో ఒక రింగ్ బఫర్ పెట్టి, లాక్ లేకుండా ఒక్కో సంఘటనకి రెండు పదాలు మాత్రం రాసుకున్నాం. ఒకటి సంఘటన సంఖ్య, రెండోది అన్ని కోర్లకీ ఒకటే అయిన సిస్టమ్ కౌంటర్ విలువ. హ్యాంగ్ అయ్యాక నాలుగు బఫర్లనీ బయటికి తీసి కౌంటర్ ప్రకారం కలిపాం. వరస ఇలా వచ్చింది (సిగ్‌ప్రాక్‌మాస్క్ అంటే థ్రెడ్ తన మాస్క్ మార్చుకునే సిస్టమ్ కాల్):

కోర్ 1, కిల్: లాక్ పట్టింది, షేర్డ్ సెట్‌లో 15 పెట్టింది
కోర్ 3, మెయిన్: సిగ్‌ప్రాక్‌మాస్క్‌లోకి వచ్చింది, లాక్ కోసం తిరుగుతోంది
కోర్ 1, కిల్: మెయిన్‌ని ఎంచుకుంది, మెయిన్ ఫ్లాగ్ 1, కోర్ 3కి ఐపీఐ
కోర్ 1, కిల్: లాక్ వదిలింది
కోర్ 3, మెయిన్: లాక్ పట్టింది, మాస్క్‌లో 15 పెట్టింది
కోర్ 3, మెయిన్: ఫ్లాగ్ తిరిగి లెక్క, 0
కోర్ 3, మెయిన్: లాక్ వదిలింది
కోర్ 3, మెయిన్: ఐపీఐ అందింది, చేసేదేమీ లేదు
కోర్ 3, మెయిన్: యూజర్ మోడ్‌కి తిరిగి వెళ్లింది

ఈ వరసని నేను చాలాసేపు చూస్తూ కూర్చున్నాను. ఇందులో ఏ ఒక్క అడుగూ తప్పు కాదు. సెట్లనీ, మాస్క్‌నీ ముట్టుకున్న ప్రతి చోటా లాక్ ఉంది. డేటా రేస్ (లాక్ లేకుండా ఇద్దరు ఒకే డేటాని ముట్టుకోవడం) వెతికే పనిముట్టు ఏదైనా దీన్ని చూసి అంతా సవ్యంగానే ఉందంటుంది. రేస్ అంటే ఎక్కడో లాక్ మర్చిపోవడం అని మనకి అలవాటైపోయింది. ఇక్కడ లాకులన్నీ ఉన్నాయి, ఒక లాక్‌కీ ఇంకో లాక్‌కీ మధ్య ఒక బాధ్యత జారిపోయింది.

ఫ్లాగ్ తిరిగి లెక్కించే ఫంక్షన్ వేసే ప్రశ్న ఒకటే. ఈ థ్రెడ్‌కి ఇప్పుడు అందాల్సిన సిగ్నల్ ఏదైనా ఉందా? మెయిన్ అప్పుడే 15 వద్దంది కాబట్టి లేదు. ఆ ప్రశ్నకి ఆ జవాబు సరైనదే. కానీ ప్రశ్నే సరిపోదు. కిల్ కోడ్ మెయిన్ ఫ్లాగ్ పెట్టినప్పుడు అది మెయిన్ సొంత వ్యవహారంగా పెట్టలేదు. ప్రాసెస్ మొత్తం తరఫున ఒక పని మెయిన్ చేతికిచ్చి, ఇక ఇతరుల్ని లేపనక్కర్లేదని వెళ్లిపోయింది. మెయిన్ ఆ పనిని కింద పెట్టేసింది, ఎవరికీ అప్పజెప్పలేదు. షేర్డ్ సెట్‌లో ఉన్న సిగ్నల్‌కి ఫ్లాగ్ అంటే థ్రెడ్ స్థితి కాదు, అప్పగింత. ఇది తట్టాక మిగతాదంతా దీని వెనకే నడిచి వచ్చింది.

నిరూపించడానికి సిగ్‌ప్రాక్‌మాస్క్‌లో లాక్ పట్టే ముందు చిన్న ఆలస్యం పెట్టాం, టెస్ట్ బిల్డ్‌లో మాత్రమే. రాత్రంతా నడిస్తే ఒకటి రెండుసార్లు కనబడేది టెస్ట్ మొదలెట్టిన కొన్ని క్షణాల్లోనే కనబడింది, మళ్లీ మళ్లీ కనబడింది. బ్యారియర్ ప్యాచ్ ఉన్నా లేకపోయినా అంతే. ఈ పని మొదటి ప్యాచ్‌కి ముందే చేసి ఉండాల్సింది. కిటికీని మన చేత్తో తెరిచి, అందులోంచే దొంగ వస్తున్నాడని చూపించగలిగినప్పుడే కారణం దొరికినట్టు.

ఏ దారి

మొదటి ఆలోచన, ప్రాసెస్‌కి సిగ్నల్ రాగానే దాన్ని బ్లాక్ చేయని థ్రెడ్లన్నిటినీ లేపేయడం. ఒక్కరు తీసుకుంటారు, మిగతావాళ్లు లేచి ఏమీ లేదని మళ్లీ పడుకుంటారు. రాయడం తేలిక. కానీ వందల థ్రెడ్ల సర్వర్‌కి సెకనుకి ఎన్నో సిగ్‌ఛైల్డ్‌లు (పిల్ల ప్రాసెస్ ముగిసిందని చెప్పే సిగ్నళ్లు) వస్తే ఎంత వృథా, ఎంతమందికి ఉత్తపుణ్యానికి సిస్టమ్ కాల్ మధ్యలో తెగుతుంది! వద్దనుకున్నాం.

రెండోది బృందంలో ఒక సహచరుడి సూచన, నాకు నిజంగా నచ్చింది. సిగ్‌ప్రాక్‌మాస్క్‌లో లాక్ పట్టాక, బ్లాక్ చేయబోయే సిగ్నల్ ఇప్పటికే పెండింగ్‌లో ఉంటే మాస్క్ మార్చకుండా వెనక్కి రావాలి. హ్యాండ్లర్ నడిచాక సిస్టమ్ కాల్ మళ్లీ మొదటినుంచి మొదలవుతుంది. తన చేతికి వచ్చిన పని తానే పూర్తిచేసి, ఆ తర్వాతే తలుపు వేసుకోవడం. ఈ ఒక్క కాల్ వరకు ఇది కిటికీని పూర్తిగా మూసేస్తుంది. అయితే మాస్క్ మారేది ఈ కాల్‌లోనే కాదు. హ్యాండ్లర్ మొదలయ్యేటప్పుడూ మారుతుంది, చచ్చిపోయే థ్రెడ్ విషయంలో మాస్క్ ప్రసక్తే లేకుండా థ్రెడ్డే మాయమవుతుంది. చచ్చేవాణ్ని వెనక్కి పంపి సిగ్నల్ తీసుకురమ్మనలేం.

మూడోది అప్పగింతే. థ్రెడ్ మాస్క్‌లో కొత్తగా చేరుతున్న సిగ్నళ్లలో షేర్డ్ సెట్‌లో పెండింగ్‌గా ఉన్నవేవో చూడాలి. ఏవీ లేకపోతే పని లేదు. ఉంటే, అదే లాక్ కింద మిగతా థ్రెడ్లని వరసగా చూడాలి. ఒక థ్రెడ్ వాటిలో దేన్నైనా తీసుకోగలిగితే దాని ఫ్లాగ్ పెట్టి లేపాలి, దానికి వీలైన సిగ్నళ్లని జాబితాలోంచి కొట్టేయాలి, జాబితా ఖాళీ అయితే ఆగాలి. ఆ థ్రెడ్‌కి ఇప్పటికే ఫ్లాగ్ ఉంటే మళ్లీ లేపక్కర్లేదు, అది ఎటూ సెట్ చూస్తుంది. చావబోతున్న థ్రెడ్లని లెక్కలోకి తీసుకోకూడదు. లినక్స్ కెర్నల్‌లో ఇదే రంధ్రాన్ని 2011లో ఒలెగ్ నెస్టెరోవ్ ప్యాచ్‌లు ఇదే పద్ధతిలో మూశాయి. అక్కడ ఈ పని చేసే ఫంక్షన్ పేరు రీటార్గెట్_షేర్డ్_పెండింగ్. సిగ్నల్‌కి కొత్త గురి చూపించడం అన్న ఆ పేరు నాకు చాలా సరిగ్గా అనిపిస్తుంది.

ఖర్చు గురించి మొదట భయపడ్డాం. మాస్క్ మార్చిన ప్రతిసారీ థ్రెడ్లన్నిటినీ తిరిగి చూడాలా అని. అక్కర్లేదు. తన ఫ్లాగ్ వెలగని థ్రెడ్‌కి ఎవరూ ఏమీ అప్పజెప్పలేదు కాబట్టి వదులుకోవడానికీ ఏమీ ఉండదు. ఒకే థ్రెడ్ ఉన్న ప్రాసెస్‌లో అప్పగించడానికి ఎవరూ ఉండరు. ఈ రెండు పరీక్షలూ ముందు పెడితే మామూలు దారిలో అదనంగా పడేది రెండు పోలికలు మాత్రమే.

మాస్క్‌ని ముట్టుకునే ప్రతి చోటూ

ప్యాచ్ రాయడం కంటే దాన్ని ఎక్కడెక్కడ పెట్టాలో తేల్చడం పెద్ద పని అయింది. మా కోడ్‌లో థ్రెడ్ మాస్క్‌కి నేరుగా విలువ రాసే చోట్లు చాలా ఉన్నాయి. సిగ్‌ప్రాక్‌మాస్క్, సిగ్‌సస్పెండ్, పీపోల్, పీసెలెక్ట్, హ్యాండ్లర్‌లోకి వెళ్లేటప్పుడు, హ్యాండ్లర్ నుంచి సిగ్‌రిటర్న్‌తో తిరిగి వచ్చేటప్పుడు, సిగ్‌టైమ్డ్‌వెయిట్‌లో. వాటన్నిటినీ ఒకే ఫంక్షన్ గుండా పోయేలా మార్చాం. మాస్క్ ఫీల్డ్ పేరు కూడా మార్చేశాం, పాత పేరు వాడిన చోటల్లా కంపైలర్ ఆపేసేలా. చేత్తో వెతికితే ఒకటి రెండు తప్పించుకుంటాయి, కంపైలర్ వెతికితే ఒక్కటీ తప్పించుకోదు.

హ్యాండ్లర్ దారి గురించి ఒక మాట, దీన్ని చాలామంది గమనించరు. సిగ్‌యూజర్-1 హ్యాండ్లర్ నడిచేంతసేపు సిగ్‌టర్మ్ బ్లాక్ అవ్వాలని ప్రోగ్రామ్ చెప్పిందనుకోండి. రెండు సిగ్నళ్లూ ఒకేసారి పెండింగ్‌లో ఉన్నాయి, రెండూ మెయిన్‌కే అప్పజెప్పి ఉన్నాయి. చిన్న నంబరు ముందు కాబట్టి 10 అయిన సిగ్‌యూజర్-1 ముందు అందుతుంది. దాని హ్యాండ్లర్ కోసం మాస్క్‌లో 15 చేరుతుంది, మెయిన్ ఫ్లాగ్ ఆరిపోతుంది. ఆ హ్యాండ్లర్ ఎంతసేపు నడిస్తే అంతసేపు సిగ్‌టర్మ్ ఆగిపోతుంది, పక్కన లూప్ థ్రెడ్ ఖాళీగా ఉన్నా. సిగ్‌ప్రాక్‌మాస్క్ ఒక్కదాన్నే బాగుచేసి ఉంటే ఇది మిగిలిపోయేది.

వీటన్నిటికీ కాపలాగా డీబగ్ బిల్డ్‌లో ఒక అసర్షన్ (నియమం తప్పితే వెంటనే ఆపేసే పరీక్ష) పెట్టాం. సిగ్నల్ లాక్ వదిలే ప్రతిసారీ అది ఒక్క నియమాన్ని చూస్తుంది. షేర్డ్ సెట్‌లో ఉన్న ప్రతి సిగ్నల్‌కీ, దాన్ని బ్లాక్ చేయని బతికున్న థ్రెడ్ ఏదైనా ఉంటే, అలాంటి థ్రెడ్లలో కనీసం ఒకదాని ఫ్లాగ్ వెలిగి ఉండాలి. ఈ నియమాన్ని పదాల్లో పెట్టడానికే మాకు ఒక మధ్యాహ్నం పట్టింది. పెట్టాక మొదటి రోజే అసర్షన్ పేలింది, మేం అనుకోని చోట. థ్రెడ్ ఎగ్జిట్‌లో.

సిగ్నల్ ఒక థ్రెడ్‌కి అప్పజెప్పారు, అది అప్పటికే పీథ్రెడ్ ఎగ్జిట్ దారిలో ఉంది. ఇక యూజర్ మోడ్‌కి తిరిగి వెళ్లదు కాబట్టి ఫ్లాగ్ చూసే చోటికే రాదు. దానితోపాటే అప్పగింతా పోతుంది. ఇక్కడ క్రమం ముఖ్యం. ముందు లాక్ పట్టి ‘చావబోతున్నాను’ అని గుర్తు పెట్టాలి, కొత్తగా ఎవరూ ఏమీ అప్పజెప్పకుండా. ఆ తర్వాత అదే లాక్ కింద, తను బ్లాక్ చేయని సిగ్నళ్లన్నిటినీ మిగతావాళ్లకి అప్పగించాలి. అప్పగించాక గుర్తు పెడితే ఆ మధ్య సందులో ఇంకో కిల్ వచ్చి మళ్లీ దీన్నే ఎంచుకోవచ్చు. మా మొదటి రూపంలో ఈ రెండూ వేర్వేరు లాక్ పట్టుల్లో, తలకిందులుగా ఉన్నాయి. రివ్యూలో ఎవరి కంటా పడలేదు, అసర్షనే పట్టుకుంది.

లేపాక దక్కకపోతే

అప్పగింత మొదలయ్యాక ఇంకో కొత్త సమస్య వచ్చింది, ఇది మేం తెచ్చుకున్నదే. లూప్ థ్రెడ్‌ని లేపాం. అది కోర్ దొరికి కదిలేలోపే మెయిన్ మాస్క్ తీసేసి సిగ్‌టర్మ్‌ని తనే తీసుకుంది. లూప్ థ్రెడ్ లేచి చూస్తే సెట్ ఖాళీ. మా పోల్ అప్పుడు ఏం చేస్తోందంటే ఈఐఎన్‌టీఆర్ ఎర్రర్‌తో తిరిగి వస్తోంది. ఆ థ్రెడ్ మీద ఏ హ్యాండ్లరూ నడవలేదు, అయినా సిగ్నల్ అడ్డొచ్చిందంటోంది. ఆ ఎర్రర్ వస్తే లూప్‌లో మళ్లీ పిలిచే ప్రోగ్రామ్‌లకి ఇబ్బంది లేదు. కానీ హ్యాండ్లర్లే పెట్టుకోని ప్రోగ్రామ్ ఆ ఎర్రర్ తనకి ఎప్పుడూ రాదనుకునే హక్కు ఉన్న ప్రోగ్రామ్. దాన్ని పాడుచేసే హక్కు మాకు లేదు.

అందుకని సిస్టమ్ కాల్ లోపలినుంచి నేరుగా ఈఐఎన్‌టీఆర్ ఇవ్వడం మానేసి, లోపలి వాడకానికే ఒక రీస్టార్ట్ కోడ్ ఇచ్చాం. యూజర్ మోడ్‌కి పోయే దారిలో హ్యాండ్లర్ నిజంగా నడిపితే ఆ కోడ్ ఈఐఎన్‌టీఆర్‌గా మారుతుంది. నడపకపోతే సిస్టమ్ కాల్ మళ్లీ మొదలవుతుంది, ప్రోగ్రామ్‌కి ఏమీ తెలియదు. లినక్స్‌లోనూ ఇలాంటి లోపలి కోడ్లు ఎప్పటినుంచో ఉన్నాయి. పోల్‌కి మాత్రం ఇంకో జాగ్రత్త కావాలి. 5 సెకన్ల గడువుతో పిలిచిన పోల్‌ని 4 సెకన్ల తర్వాత మళ్లీ మొదలుపెడితే ఇంకో 5 సెకన్లు ఆగకూడదు. మొదట పిలిచినప్పుడే ముగింపు సమయం లెక్కగట్టి థ్రెడ్ దగ్గర దాచి, రీస్టార్ట్‌లో ఆ సమయాన్నే వాడాలి.

చివరికి మిగిలింది సిగ్‌టైమ్డ్‌వెయిట్. అది ఎదురుచూసే సిగ్నళ్లని మాస్క్‌లోంచి తాత్కాలికంగా తీసి నిద్రపోతుంది, లేచాక పాత మాస్క్ తిరిగి పెట్టుకుని సెట్‌లోంచి సిగ్నల్ తీసుకుంటుంది. గడువు తీరడం, సిగ్నల్ రావడం ఒకే క్షణంలో జరిగితే ఏమవుతుంది? పాత మాస్క్ పెట్టుకోవడం కూడా మా ఉమ్మడి ఫంక్షన్ గుండానే పోతుంది కాబట్టి అది సిగ్నల్‌ని పక్క థ్రెడ్‌కి అప్పగిస్తుంది. వెంటనే, అదే లాక్ కింద, తనే దాన్ని తీసేసుకుంటుంది. పక్క థ్రెడ్ లేచి ఖాళీ సెట్ చూస్తుంది. ముందు సిగ్నల్ తీసుకుని తర్వాత మాస్క్ మార్చేలా తిప్పి రాస్తే ఈ వృథా లేపుడు తప్పుతుంది కదా అని ప్రయత్నించాం. కోడ్ మెలికలు తిరిగింది, మాస్క్ రెండు చోట్ల మారాల్సి వచ్చింది. వృథాగా లేచిన థ్రెడ్‌కి రీస్టార్ట్ కోడ్ ఇప్పుడు హాని చేయనివ్వదు కాబట్టి పాత క్రమమే ఉంచి, ఎందుకు అలా ఉందో పైన నాలుగు వరసల వ్యాఖ్య రాశాం.

ఆలస్యం పెట్టిన టెస్ట్ బిల్డ్‌ని, ఆ ఆలస్యాన్ని ఇప్పుడు మాస్క్ మార్చే ఉమ్మడి ఫంక్షన్‌లోనూ, ఎగ్జిట్‌లోనూ కూడా చేర్చి, వారమంతా నాలుగు బోర్డుల మీద నడిపాం. ఇరుక్కున్న ప్రాసెస్ ఒక్కటీ దొరకలేదు, అసర్షన్ మళ్లీ పేలలేదు. సూపర్‌వైజర్‌లో సిగ్‌కిల్ గడువు తిరిగి పెట్టేశాం. ఆలస్యాలు పెట్టిన ఆ బిల్డ్‌ని మాత్రం తీసేయలేదు. సిగ్నల్ ఫైళ్లని ఎవరు ముట్టుకున్నా అది రాత్రి టెస్ట్‌లో నడవాల్సిందే.